ఎడమకు లాగే స్టీరింగ్

లాడ్జీల వాళ్లు ఆమెకు దుప్పట్లమ్మ అని పేరు పెట్టారు. పొద్దున్నే పాత పికప్పు బండి వేసుకొని లాడ్జీలకూ, ఒక చిన్న ఆసుపత్రికీ వెళ్లేది. మాసిన దుప్పట్లు మూటలు కట్టి తెచ్చేది, ఉతికి ఇస్త్రీ చేసినవి ఇచ్చి వచ్చేది. ఉతకడం ఆమె వంతు, ఇస్త్రీ అత్తగారి వంతు. అంతకుముందు ఆ బండి నడిపింది ఆమె భర్త.

ఒక సాయంత్రం మూతపడిన పిండిమిల్లు మలుపు దగ్గర, స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి కూర్చున్నట్టే గుండె ఆగిపోయింది. బండి మాత్రం రోడ్డు దిగి, ఎడమపక్క మట్టిలో బుద్ధిగా నిలబడి ఉంది. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంది. వెనకాల ఒక్క మూట కూడా జారలేదు. “పోతూ పోతూ కూడా ఎవరికీ అడ్డం రాకుండా పోయాడు మహానుభావుడు” అని చూసినవాళ్లు చెప్పుకున్నారు.

ఏడుస్తూ కూర్చుంటే దుప్పట్లు వాటంతటవే ఉతుక్కోవు కదా. బండి ఆమె తీసింది.

ఆ బండి స్టీరింగ్ ఎప్పుడో వదులైపోయింది. జానెడు తిప్పితేగాని చక్రాలకు కబురు అందేది కాదు. తిన్నగా పోవాలన్నా చేతులు అటూ ఇటూ ఆడిస్తూనే ఉండాలి. “పాత బండీ పాత మొగుడూ ఒకటే. చెప్పిన మాట వింటారు, కానీ కాస్త ఆగి వింటారు” అని లాడ్జీ వాళ్లతో నవ్వుతూ అనేది. మొగుడు పోయినదాని నోట ఆ మాట విని నవ్వాలో మానాలో వాళ్లకు తెలిసేది కాదు.

ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. పిండిమిల్లు మలుపు రాగానే స్టీరింగ్ దానంతటదే ఎడమకు తిరిగేది. విసురుగా కాదు. పక్కనుంచి ఎవరో ఆమె చేతుల మీద చెయ్యి వేసి, తొందర లేకుండా తిప్పినట్టు. మొదటిసారి కెవ్వున అరిచింది. రెండోసారి అరవలేదు. తర్వాత్తర్వాత మలుపు కనిపించగానే వేగం తగ్గించి ఎదురుచూసేది. భయం పోలేదు, భయంతోపాటు బతకడం అలవాటైంది.

అతనిది ఎడంచేతి వాటం. స్టీరింగ్‌కు ఎడమవైపు, అతని అరచెయ్యి ఆనేచోట నలుపు అరిగి నున్నగా అయింది. ఆమె సరిగ్గా అక్కడే పట్టుకునేది. “సరేలే, చూశాను. ఇంక వదులు, ఆసుపత్రి వాళ్లు ఎదురుచూస్తుంటారు” అని మెల్లగా చెప్పి, స్టీరింగ్ కుడికి లాక్కునేది. లాగిన కాసేపటికి బండి వచ్చేది. ఆ కాసేపూ బండి ఎవరి చేతిలో ఉందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించడం ఇష్టం లేదు.

మరిది మెకానిక్కు. వీధి చివర షెడ్డు. బండి అటు పోయినప్పుడల్లా కేకేసేవాడు. “వదినా, ఆ ముందు టైర్లు చూశావా? లోపలి అంచు నున్నగా గొరిగినట్టుంది. ఒక్కపూట వదిలిపెట్టు, స్టీరింగ్ చూస్తా.”

“ఈ వారం కాదయ్యా” అనేది. ప్రతి వారమూ అదే మాట.

అలా ఏడాది దాటింది. ఒకరోజు అత్తగారు తానూ వస్తానని బండెక్కింది. ఇస్త్రీ మడతలు సరిగా లేవని ఒక లాడ్జీ మేనేజరు అన్నాడట. “మడతలంటే ఏమిటో వాడికి చూపించి వస్తాను” అని కొంగు బిగించింది. దారి పొడుగునా వాడి వంశాన్ని కడిగి ఆరేసింది. దుప్పట్లమ్మ నవ్వుతూ వింటూ, మలుపు దగ్గర వేగం తగ్గించడం మరిచిపోయింది.

స్టీరింగ్ తిరిగింది.

రోడ్డు అంచున ఒకామె కూరల బుట్టతో సైకిలు మీద వెళుతోంది. దుప్పట్లమ్మ కుడికి లాగింది. బండి వినలేదు. ఇంకా లాగింది, బ్రేకు మీద దాదాపు నిలబడింది. సైకిలామె బుట్టతో సహా మట్టిలో పడింది. ఆమె తలకు బెత్తెడు దూరంలో బండి ఆగింది.

దెబ్బలేమీ తగల్లేదు. సైకిలామె లేచి, చీర దులుపుకొని, ఇద్దరినీ నోరారా తిట్టింది. దుప్పట్లమ్మ వంగి వంకాయలు ఏరి బుట్టలో వేస్తూ ఆ తిట్లన్నీ తలొంచుకొని తీసుకుంది. ఆమె వెళ్లిపోయాక బండెక్కి కూర్చుంది గానీ తాళం తిప్పలేదు.

అత్తగారు అడిగింది. “ఎన్నాళ్లనుంచి?”

“ఏది అత్తయ్యా?”

“నా దగ్గర నాటకాలొద్దు. నేను నీ చేతులే చూస్తున్నాను. నువ్వు తిప్పలేదు.”

దుప్పట్లమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. “ఆయనే అత్తయ్యా. ఇక్కడికి రాగానే పట్టుకుంటారు. మొదట్నుంచీ అంతే. మీకు చెబితే దిగులు పడతారని...”

ముసలామె ఆ స్టీరింగ్ వంక చూసింది. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“వాడు నా కొడుకు. చీమ కనిపిస్తే అడుగు పక్కకు వేసేవాడు. చచ్చేటప్పుడు కూడా ఎవరికీ తగలకుండా చచ్చాడు. అలాంటివాడు దారినపోయే ఆడమనిషి మీదికి బండి తోస్తాడా? వాడైతే తోయడు. వాడు కాకపోతే, ఇంకెవరైనా మనకక్కర్లేదు. పద, చిన్నోడి దగ్గరికి.”

షెడ్డులో మరిది బండిని జాకీ మీద ఎత్తి, ముందు చక్రాన్ని రెండుపక్కలా పట్టుకొని కుదిపాడు. లోపల ఎక్కడో ఇనుము ఇనుముకు కొట్టుకుంది. వదినను స్టీరింగ్ అటూ ఇటూ ఆడించమని చెప్పి తాను కిందికి దూరాడు.

“ఊ. స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం దాకా ఒక్కటీ కుదురుగా లేదు” అన్నాడు కిందనుంచి. “బాక్సు బోల్టులే వదిలేశాయి. రబ్బరు బుష్షు పొడైపోయింది. చాలామంది బాక్సు మీద స్క్రూ బిగించేసి పంపిస్తారు వదినా. అప్పటికి బాగానే ఉంటుంది, మలుపు తిరిగాక మాత్రం స్టీరింగ్ బిగుసుకుపోయి వెనక్కి రాదు. అరిగినవి మార్చాలి, వేరే దారి లేదు.”

తర్వాత మాట వినిపించలేదు. ఎంతకీ వినిపించకపోతే అత్తగారే వంగి చూసింది. “ఏరా, నిద్రపోయావా?”

అతను బయటికి వచ్చి చెయ్యి చాపాడు. చేతిలో గ్రీజు పట్టిన గుడ్డపేలిక, దాని చుట్టూ వైరు. “ఎడమ చక్రం జాయింటుకు చుట్టి ఉంది. ఆడకుండా ఉండాలని కట్టినట్టున్నారు. వైరు తిప్పిన తీరు చూడండి. అందరం ఇటు తిప్పుతాం. ఇది అటు తిరిగింది.”

ఎవరు తిప్పారో ముగ్గురికీ తెలుసు.

“అంటే ఆయనకు తెలుసన్నమాట” అంది దుప్పట్లమ్మ. ఇన్నాళ్లుగా రాని కోపం ఒక్కసారిగా వచ్చింది. “పాడైందని తెలిసీ గుడ్డ చుట్టి తిప్పాడు! తమ్ముడి షెడ్డు వీధి చివరే పెట్టుకొని! నన్నూ అందులోనే ఎక్కించుకున్నాడు!”

“మలుపు దగ్గర రోడ్డు ఎడమకు వాలి ఉంటుంది వదినా. జాయింటు అరిగిన చక్రం ఆ వాలుకు ఒరుగుతుంది. అంతే, ఇంకేం లేదు.” అని, అతను మళ్లీ గుడ్డ వంక చూశాడు. “ఒక్కటే నాకు అంతుపట్టడం లేదు. ఏడాది ఎండకూ వానకూ ఈ గ్రీజు మట్టి గడ్డ కట్టాలి. పచ్చిగా ఉంది. వైరుకు తుప్పు లేదు. మధ్యలో ఎవరిచేతనైనా కట్టించావా?”

“నేను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.”

అత్తగారు ఆ పేలిక అందుకొని మడతలు విప్పింది. ఆసుపత్రి దుప్పటి అంచు అది. లోపలి మడత ఇంకా తెల్లగానే ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. ఏం వాసన వచ్చిందో చెప్పలేదు. “ఉతికితే పోతుంది” అని మాత్రం అని, బొడ్లో దోపుకుంది.

మర్నాటి మధ్యాహ్నానికి పని పూర్తయింది. మరిది కొత్త జాయింట్లూ బుష్షూ వేశాడు, బాక్సు బోల్టులు బిగించాడు, చక్రాలకు దారం పట్టి వంకర సరిచేశాడు. స్టీరింగ్ ఇప్పుడు వేలితో కదిపినా చక్రం కదులుతోంది. దుప్పట్లమ్మ బండి తీస్తే అత్తగారు అడగకుండానే పక్కన ఎక్కి కూర్చుంది.

మిల్లు కనిపించింది. పగిలిన కిటికీలు, గోడమీద మాసిన అక్షరాలు. దుప్పట్లమ్మ వేగం తగ్గించింది. స్టీరింగ్ కదల్లేదు. చేతుల కింద కొత్త వస్తువులా, ఎవరిదీ కానట్టు ఉంది. బండి మలుపు దాటబోతోంది.

“ఆపు” అంది అత్తగారు.

“ఎందుకు అత్తయ్యా? లాగడం లేదుగా.”

“ఆపు. వాడు కట్టింది విప్పేశాం. ఇంక వాడు దిగాలి కదా.”

దుప్పట్లమ్మ తన చేతులతోనే ఎడమకు తిప్పింది. బండి వెంటనే వింది, మట్టిలోకి దిగి నిలబడింది. అత్తగారు తలుపు తీసుకొని కిందికి దిగింది. బండి స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఆమె తలుపు బార్లా పట్టుకొని, అతిథి కోసం నిలబడ్డట్టు పక్కకు జరిగి నిలబడింది. కాసేపటికి, ఎవరూ ఎక్కకుండా ఎవరూ దిగకుండానే, స్ప్రింగులు మరోసారి కిర్రుమన్నాయి.

దుప్పట్లమ్మ అటు తిరిగి చూడలేదు. చూస్తే తలుపు వెయ్యనివ్వనని ఆమెకు తెలుసు.

ముసలామె ఎక్కి కూర్చుంది. కళ్లు తుడుచుకొని “పోనీ” అంది. అది బండినో, వెళ్లినవాణ్నో కోడలు అడగలేదు.

ఆ తర్వాత మలుపు దగ్గర ఎప్పుడూ ఏమీ జరగలేదు. కానీ చేతులు నమ్మడానికి చాలా రోజులు పట్టింది. మిల్లు గోడ రాగానే అవి వాటంతటవే కుడికి లాగేవి. చెప్పిన మాట చెప్పగానే వినే బండి గబుక్కున రోడ్డు మధ్యకు పోయేది. ఎదురొచ్చే లారీవాడు హారన్ మోగించి తిట్టుకుంటూ పోయేవాడు. దుప్పట్లమ్మ స్టీరింగ్ సర్దుకొని, తిన్నగా పోవడం మళ్లీ మొదటినుంచి నేర్చుకునేది.