సంగటి మీద నెట్టిన నలుపు

మంగళవారం ఉదయం ఏడున్నరకు మదనపల్లె టమాటా మార్కెట్లో వేలం జరుగుతుండగా మండీ వ్యాపారి ముక్తియార్ స్పృహ తప్పి పడిపోయాడు. వయసు అరవై రెండు. ఆసుపత్రికి తెచ్చేసరికి రక్తపోటు ఎనభైకి దిగింది. హిమోగ్లోబిన్ ఆరు. రక్తం ఎక్కించడం మొదలుపెట్టాక తెలివి వచ్చింది.

డాక్టరు బీనా మంచం దగ్గరికి వచ్చారు. ముక్తియార్ భార్య సుల్తానా పక్కనే నిలబడి ఉంది.

"ఏమేం మాత్రలు వాడతాండారు?"

"గుండెకు రెండు రకాలమ్మా. నాలుగు నెలల కింద కుప్పంలో స్టెంట్ ఏసినారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినారు. ఒక్కపూట గూడా తప్పలా."

"ఇంకేమన్నా?"

"ఇంకేం లేవు."

సుల్తానా ఆయన చొక్కా జేబులోంచి మాత్రల షీటు లాగి మంచం మీద పడేసింది.

"మరి ఇవేంది? పిప్పరమెంట్లా?"

"అవి గుండెకు కాదు గదా. మోకాలికి."

అది డైక్లోఫెనాక్, నొప్పి మాత్ర. వేలం ముగిసేదాకా సిమెంటు నేల మీద నిలబడితే ఆయన మోకాలు వాచేది. వ్యాపారం మీద పుంగనూరు వెళ్లినప్పుడల్లా అక్కడి మెడికల్ షాపులో కొనేవాడు. మూడు వారాలుగా రోజూ రెండు మింగుతున్నాడు.

"కుప్పం డాక్టరుకు చెప్పలేదా?"

"ఆయన గుండె డాక్టరమ్మా. మోకాలి సంగతి ఆయనకు యాల?"

"పోనీ, పుంగనూరు షాపులో గుండె మాత్రల గురించి చెప్పినారా?"

"ఆయప్ప అడగలా."

సుల్తానా తల పట్టుకుంది.

గుండె మాత్రలు రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వవని, నొప్పి మాత్ర కడుపులో పుండు చేస్తుందని, రెండూ కలిస్తే ఆ పుండు నుంచి కారే రక్తం ఆగదని డాక్టరు చెప్పారు. ముక్తియార్ తల ఊపాడు. డాక్టరు మళ్లీ మొదటినుంచి చెప్పారు.

"కడుపులో రక్తం కారితే విరేచనం నల్లగా వస్తాది. అట్ల వచ్చిందా?"

"వారం నుంచీ. సంగటి తింటాం గదమ్మా. రాగులు నల్లగానే ఉంటాయి."

"పెండ్లయినప్పటినుంచీ ఆ సంగటి గెలుకుతాండేది నేను," అంది సుల్తానా. "ఎప్పుడన్నా తారు మాదిరి వచ్చిందా? నాకన్నా చెప్పినావా?"

"దొడ్డికి పొయ్యొచ్చింది గూడా నీకు చెప్పాల్నా?"

కుప్పంలో ఉంటున్న కూతురు హుమా ఫోన్ చేస్తే సుల్తానా స్పీకర్ పెట్టింది. "అమ్మీ, ఆ గుండె మాత్రలన్నీ ఆపేయమను."

"అన్నీ ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు. ఏదీ ఆపకుంటే రక్తం కారతానే ఉంటాది," అన్నారు డాక్టరు.

సుల్తానా భర్త వైపు తిరిగింది. "సూడు. ఏసుకున్నా పానం మీదికే, మానుకున్నా పానం మీదికే. ఊరికొక డాక్టరు, ఊరికొక రోగం పెట్టుకున్నావు గదా, ఇప్పుడు ఏ ఊరికి పోదాం?"

"మోకాలికి మరి ఏం ఏసుకునేది?" అన్నాడు ముక్తియార్.

డాక్టరు బీనా బయటికి వెళ్లి కుప్పం డాక్టరుతో ఫోన్లో మాట్లాడారు. గుండె మాత్రల్లో ఒకటి కొద్దిరోజులు ఆపి, రెండోది కొనసాగించాలని నిర్ణయించారు. నొప్పి మాత్ర పూర్తిగా మాన్పించారు. ఆ మధ్యాహ్నమే గొంతులోంచి కెమెరా గొట్టం దింపి చూస్తే కడుపులో పుండు కనబడింది. రక్తం ఆగేలా దానికి క్లిప్పు వేశారు.

శుక్రవారం హిమోగ్లోబిన్ తొమ్మిదికి చేరింది. ఛాతీలో నొప్పి రాలేదు.

ఆదివారం ఉదయం విరేచనం మామూలు రంగులో వచ్చింది. శనివారం రెండు పూటలా సుల్తానా ఆయనకు పెట్టింది రాగిసంగటే.