పున్నమి నాటి పీతలు

లీహ్వా ఫోనులో యాత్ర తేదీలు చెప్పగానే కిమ్‌చూ గోడకున్న చీటీల క్యాలెండరు వైపు చూసింది. మూడో రోజు పున్నమి. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, మంచి రోజులే పెట్టావని మెచ్చుకుంది.

లీహ్వా ఆమె తోడికోడలు, మరిది భార్య. కొడుక్కి సర్కారు ఉద్యోగం వచ్చిన సంతోషంలో కుటుంబం పదిమందినీ తూర్పు తీరానికి తీసుకెళుతోంది. ఆ ఉద్యోగం కోసమే వసంతంలో సముద్రాన్ని కాచే మాజు అమ్మవారి గుడిలో, అందరూ వింటుండగా మొక్కుకుంది. కొడుకు పరీక్ష గట్టెక్కితే ఏడాది పొడుగునా ప్రతి చాంద్రమాసంలో ఒకటో నాడు, పున్నమి నాడు నీచు ముట్టనంది. వాడు గట్టెక్కాడు. ఆ రోజులు గుర్తుపెట్టుకునే ఓపిక మాత్రం లీహ్వాకు లేదు. ప్రతిసారీ ముందురోజు కిమ్‌చూయే ఫోను చేసి గుర్తుచేసేది.

ఈసారి చేయదలచుకోలేదు.

దానికి కారణం రెండేళ్ల నాటిది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, భర్త గుండె ఆపరేషను నాడు కిమ్‌చూ మొక్కుకుని మాంసం మానేసింది. ఆ తొమ్మిదేళ్లూ చేప వాసన కూడా దగ్గరికి రానివ్వలేదు. రెండేళ్ల కిందట తన అరవై అయిదో పుట్టినరోజుకు లీహ్వా సేమ్యాలు వండి పెడితే గిన్నె నాకినంత శుభ్రంగా తింది. అప్పుడు లీహ్వా అందరి ముందూ నవ్వుతూ అంది, "పంది కొవ్వులో ఉల్లిపాయ వేయించకపోతే ఇంత రుచి ఎక్కణ్ణుంచి వస్తుందక్కా?" బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. కిమ్‌చూ పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. మర్నాటి నుంచి తన వ్రతాన్ని మళ్లీ ఒకటో రోజుతో మొదలుపెట్టింది. ఆ నవ్వులు మాత్రం మర్చిపోలేదు.

యాత్రకు తిండి డబ్బాలేమీ తేవద్దని, శాకాహారం తనే మాట్లాడి పెట్టానని లీహ్వా మరీ మరీ చెప్పింది. మొదటిరోజు హోటల్లో అందరికీ పన్నెండు వంటకాలు వస్తే, కిమ్‌చూకు ఒక్క పళ్లెం వచ్చింది. సోయాపిండితో చేసిన చేప, దాని మీద మెరిసే ఎర్రటి పంచదార పాకం, పక్కన తెల్లన్నం. తనకు చక్కెర జబ్బుందని, ఇది తినకూడదని కిమ్‌చూ నెమ్మదిగా చెప్పింది.

"నీచు వద్దంటావు, తీపి వద్దంటావు. ఇంక గాలి తాగి బతుకుతావా అక్కా?" అంది లీహ్వా. "అడిగి మరీ చేయించాను, తిను."

ఆకలికి సగం తింది. రాత్రి వేలు పొడుచుకుని చూస్తే మిషను రెండు వందల పన్నెండు చూపించింది. రెండో రోజూ అదే చేప, అదే పాకం. రెండు వందల నలభై ఎనిమిది. కళ్ల ముందు బస్సు దీపాలు మసగ్గా అలికినట్టు కనిపించాయి. కళ్లు జాగ్రత్త అని డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది.

మూడో రోజు తెల్లవారుతూనే రేవు పక్క సంతకు ఒక్కతే వెళ్లింది. గట్టి సోయా జున్ను, ఉడికించిన వేరుశనగలు, నూనె లేకుండా ఉడికించిన ఆకుకూర కొని డబ్బాలో సర్దుకుంది.

మధ్యాహ్నం రేవులో పీతల విందు. లీహ్వా నెల ముందు నుంచి చెబుతున్న విందు ఇదే. బల్ల మధ్య తిరిగే గాజు పలక మీద ఎర్రగా ఉడికిన పీతలు ఆవిర్లు కక్కుతున్నాయి. లీహ్వా అన్నిటికంటే పెద్దదాన్ని ఎంచుకుని డొప్ప విప్పింది. లోపల నిండా నారింజ రంగు గుడ్లు. కిమ్‌చూ చూస్తూ కూర్చుంది. తొందరేమీ లేదు. చాప్‌స్టిక్కుల మధ్య గుడ్ల ముద్ద లీహ్వా పెదవుల దగ్గరికి వచ్చింది.

ఒక్క క్షణం, తినేదాకా ఆగుదామనిపించింది. తిన్నాక నవ్వుతూ చెబితే లెక్క సరిపోతుంది. కానీ అలా చేస్తే తినేసి దండం పెట్టుకుని మర్చిపోతుంది. లీహ్వా అంతే.

"ఇవాళ పున్నమి కదా లీహ్వా," అంది కిమ్‌చూ, బల్ల చుట్టూ ఉన్న అందరికీ వినపడేలా. "అమ్మవారికి చెప్పుకున్నావుగా."

ముద్ద పళ్లెంలోకి జారింది. లీహ్వా కొడుకు ఫోను తీసి చూసి, నిజమేనమ్మా అన్నాడు. మొక్కు తప్పితే పోయే ఉద్యోగం వాడిది. పీతను తనే తల్లి ముందు నుంచి పక్కకు జరిపాడు.

లీహ్వా వంటమనిషిని పిలిపించింది. శాకాహారం ఒక్క పళ్లేనికే చెప్పారని, మిగతా కూరలన్నీ పంది కొవ్వులోనే వేయించామని అతను అన్నాడు. ఆ ఒక్క పళ్లెం అప్పటికే కిమ్‌చూ ముందుంది. పాకంలో మునిగిన చేప. ఆమె దాన్ని గాజు పలక మీద పెట్టి మెల్లగా తిప్పింది. పళ్లెం మరిదిని దాటి, పిల్లల్ని దాటి, లీహ్వా ముందు ఆగింది.

"అడిగి మరీ చేయించావు, తిను."

తర్వాత తన డబ్బా మూత తీసింది.

చుట్టూ డొప్పలు పటపట విరుగుతుంటే లీహ్వా పాకం చేపను రెండు ముక్కలు కొరికింది. ముఖం చిట్లించి డబ్బా వైపు చూసింది. ఆ జున్ను ఒక్క ముక్క ఇవ్వమని గొణిగింది.

"ఇందులో ఉప్పు కూడా లేదమ్మా. నీకు రుచించదు," అంది కిమ్‌చూ, ఆఖరి ముక్క నోట్లో వేసుకుంటూ.

తిరుగు బస్సు బయల్దేరింది. తిన్న రెండు గంటలకు కిమ్‌చూ వేలు పొడుచుకుంది. నూట ముప్పై ఒకటి. ముందు సీట్లో లీహ్వా కడుపు గుర్రుమనడం స్పష్టంగా వినబడింది.

కిమ్‌చూ ముందుకు వంగి ఆమె చెవి దగ్గర అంది, "వచ్చే నెల నుంచి క్యాలెండరు నువ్వే చూసుకో. నేనింక ఫోను చెయ్యను."