మెకానిక్ ఎడమ చెవి

పొద్దున్నే మెకానిక్ తలకి తుండు చుట్టుకుని గడప దాటబోతుంటే భార్య అడ్డం నిలబడింది.

"ఆరు నెలల్నుంచి మొత్తుకుంటున్నా, నా కుట్టుమిషన్ కీచుమంటోందని. ఇవాళ సాయంత్రంలోగా దాని సంగతి చూడకపోతే, బండికెక్కించుకుని మా అక్క దగ్గరికి పోతా. మళ్ళీ రాను."

"ఊఁ," అన్నాడు మెకానిక్. అలా అన్నాడంటే వినలేదని అర్థం. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకి ఆ మాత్రం తెలీదూ!

ఈ మనిషే నేత మిల్లులో అడుగుపెడితే వేరు. నలభై మరమగ్గాలు ధడధడలాడుతుంటే, పక్కవాడు అరిచినా వినపడని చోట, ఏ మూల నట్టు వదులైందో ఇట్టే పట్టేసేవాడు. మిగతా మోతంతా పక్కకి నెట్టేసి ఆ ఒక్క చప్పుడునే పట్టుకుని, ఏ చెవికి ముందు వినపడితే అటు నడిచేవాడు. మరీ మొండి మగ్గమైతే ఎడమ చెవి ఊడదీసి దానిమీద పెట్టి చూసేవాడు. రాత్రిళ్ళు ఆ చెవిని దూదిలో చుట్టి కుట్టుమిషన్ సొరుగులో పెట్టి పడుకునేవాడు. కొందరు కళ్ళజోడు తీసి పెట్టుకోరూ, అలాగే.

ఆ రోజు మిల్లుకి రాగానే కీచు మొదలైంది.

"ఏడో మగ్గం ఆపండి!" ఏడు కాదు. "పన్నెండు!" అదీ కాదు.

"మాకేం వినపడట్లేదన్నా," అన్నారు నేతవాళ్ళు.

"మీకు చెవులుంటే గదా!" అని కసిరాడు.

సాయంత్రానికి నలభై మగ్గాలూ ఆగిపోయాయి. కీచు మాత్రం ఆగలేదు. యజమాని పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటయ్యా, మిల్లుకి సెలవిచ్చావా?"

"కీచుమంటోందండీ."

"ఎక్కడ?"

కుడివైపో ఎడమవైపో కూడా తేలడం లేదు. జన్మలో మొదటిసారి మెకానిక్‌కి ఇలా అయింది.

"చెవి పెట్టి చూడు మరి!"

తుండు విప్పాడు. ఎడమ చెవి ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"పొద్దున పెట్టుకోవడం మర్చిపోయావా అన్నా?" అంది ఒక నేతపనావిడ. అందరూ పడీపడీ నవ్వారు.

అప్పుడే కీచు ఆగింది. ఆ వెంటనే, ఆ లేని చెవిలో, బండివాడితో అంటున్న భార్య గొంతు వినపడింది. "మెల్లగా ఎక్కించన్నా, పాత మిషను." తర్వాత ముక్కు చీదిన చప్పుడు. ఆవిడ ఏడుస్తోంది. మెకానిక్ నూనె డబ్బా అందుకుని ఒకటే పరుగు.

వెళ్ళేసరికి మిషన్ బండిమీదుంది. బండెక్కి, మిషన్ చక్రం తిప్పుతూ, కీలుకీలుకీ నూనె వేశాడు. కీచు పోయింది.

"ఇంకెప్పుడైనా ఊఁ అంటావా?"

"అననే, ఒట్టు."

ఆవిడ కళ్ళు తుడుచుకుని మిషన్ దింపించింది. అతను చెవికోసం సొరుగులో చెయ్యి పెట్టబోతే టక్కున మూసేసింది.

"ఇది ఇక్కడే ఉంటుంది."

"మరి నా పనో?"

"ఇంకోటుందిగా!"

ఒంటి చెవితో ఏ మగ్గం మూలుగుతోందో తేల్చుకోలేక, మర్నాటినుంచి రోజూ నలభైకీ నూనె వేయడం మొదలెట్టాడు. ఇక ఒక్క మగ్గమూ మూలగలేదు. ఇలాంటి పనిమంతుడు ఎక్కడా దొరకడని యజమాని కనపడినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

అప్పుడప్పుడు అంత మోతలోనూ మెకానిక్ చటుక్కున ఆగి, "తెస్తాలే, నీలం దారమే కదా?" అంటాడు. ఎవరితోనని నేతవాళ్ళు అడగరు.