యార్డు మార్కాలు

పన్నెండో డిజైనూ తిరిగొచ్చింది.

వెంకటనారాయణ ఫోను చేత్తో పట్టుకుని రేకుల షెడ్డులోకి వచ్చాడు. అద్దకం బల్లల దగ్గర ఎనిమిదిమంది ఆడవాళ్లూ తలెత్తలేదు. పొద్దుటి నుంచి కరెంటు లేదు. రంగు బకెట్ల ఘాటు కళ్లలో పడుతోంది. పెదకాకాని దాటే లారీలకు రేకులు అదురుతున్నాయి.

“మళ్లీ కాదన్నారమ్మా,” అన్నాడు షాహిస్తాతో. “ఇట్టాంటివి ఇంటర్నెట్టు నిండా ఉండాయంట. ఆఫ్రికా కనపడాలంట.”

“ఆఫ్రికా నేనెక్కడ చూశాను సార్? మీరు పంపిన ఫొటోలు చూసే గీశాను.”

“అదే తప్పు. చూసి గీసినట్టుంది. చూడకుండా గియ్యి.”

“కళ్లు మూసుకుని గియ్యక్కా, పాసవుద్ది,” అంది పక్క బల్ల దగ్గర మెహర్. ఇద్దరు ముగ్గురు నవ్వారు. యజమాని అటు తిరగగానే ఆపేశారు.

హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేరు కంపెనీ కొత్త సంవత్సరానికి ఉద్యోగులకు మూడువేల గిఫ్టు పెట్టెలు పంచుతోంది. ఈ ఏడు వాళ్లు ఎంచుకున్న అంశం ఆఫ్రికా. పెట్టెలో కాఫీపొడి, కొవ్వొత్తి, చేత్తో అద్దిన బల్లగుడ్డ ఉంటాయి. బల్లగుడ్డ వెంకటనారాయణ వంతు.

షాహిస్తా ఆ షెడ్డులో తొమ్మిదేళ్లుగా రోజుకూలి. ఇప్పుడు నాలుగొందలు. రంగుకు అరచేతుల తోలు లేచిపోతోంది. అన్నం కలిపితే మండుతుంది. రంగు ముట్టుకోవద్దని ఆసుపత్రిలో డాక్టరు రెండుసార్లు చెప్పాడు. ముట్టుకోకపోతే కూలి లేదు. ఈ డిజైను పాసైతే కుర్చీలో కూర్చుని గీసే పని ఇస్తానని, నెలకు పదిహేను వేలని, వెంకటనారాయణ అందరి ముందూ మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే ఆమె పన్నెండు గీసింది.

మధ్యాహ్నం క్యారేజీ తెరవకుండా, తిరిగొచ్చిన కాగితం వెనక్కి తిప్పి బొగ్గుముక్కతో గీకింది. రెండు కొమ్ములు, కింద మూడు చుక్కలు. చీలిన చంద్రవంక. ఒక కాలు పొట్టిదైన నిచ్చెన. గుంటూరు మిరప యార్డులో మూటలు మోసే హమాలీల్లో చదువు లేనివాళ్లే ఎక్కువ. అందుకని ఒక్కో ముఠాకు ఒక్కో మార్కా ఉండేది. తమ టిక్కీల మీద, అంటే గోనె మూటల మీద, ఎర్రరంగుతో అది వేసుకుంటే మిరపకాయల మూట ఒక లారీకి బదులు ఇంకో లారీ ఎక్కదు. ఆమె తండ్రి మీరా హుస్సేన్ అక్కడ ఇరవయ్యారేళ్లు మోశాడు. చిన్నప్పుడు ఆయనకు అన్నం తీసుకెళ్లినప్పుడు వేల మూటల మధ్య నిచ్చెన ఎక్కడుందో చూసుకుని, అటు నడిచేది.

కోపంతో గీసింది, కోపంతోనే ఫొటో తీసి వెంకటనారాయణకు పంపింది. ఇదీ కాదంటే రేపటి నుంచి అడగరులే అనుకుంది.

గంట తిరక్కముందే వెంకటనారాయణ నవ్వు మొహంతో వచ్చాడు. “ఒప్పుకున్నారు. అసలైన గిరిజన కళంట. ఎక్కడ పట్టావు?”

“మిరప యార్డు మార్కాలు సార్ అయ్యి.”

ఆయన ఫోనులో ఆ ఫొటో మళ్లీ చూసుకున్నాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు. “హైదరాబాదులో ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లు టిక్కీ మొహం ఎప్పుడు చూశారు? ఎవరికీ చెప్పమాకు. ఒక్కోదానికి ఒక అర్థం రాసియ్యి, కార్డు మీద వేస్తారంట. ఐశ్వర్యం, ఐకమత్యం, అట్టాంటివి.”

“అర్థం ఏముంది సార్? ఎవరి మూట వాళ్లదని.”

“అది రాస్తే డబ్బులిస్తారా?”

ఆమె రాయలేదు. ఆయనే రాయించుకున్నాడు. అచ్చులు చెక్కించారు. ఇరవై రోజులు ఎనిమిదిమందీ నిలబడి అద్దారు. పెట్టెల కార్డులూ అచ్చయ్యాయి.

డిసెంబరు రెండో వారంలో కంపెనీ తరఫున తేజశ్రీ అనే అమ్మాయి కెమెరాతో దిగింది. గిఫ్టుతోపాటు ఉద్యోగులకు చిన్న వీడియో పంపాలట. వెంకటనారాయణ దగ్గర్లోని ఇంజనీరింగు కాలేజీ నుంచి ఒక ఘనా దేశపు కుర్రవాణ్ణి పిలిపించాడు. గుడ్డ పట్టుకుని నిలబడితే అయిదొందలు. పేరు ఇమ్మానుయేలు. ఆ పేరున్నవాళ్లు ఊళ్లో పదిమంది ఉన్నా, షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్ అతన్ని “ఏయ్ ఆఫ్రికా” అనే పిలిచాడు. అతను వినీ విననట్టు లోపలికొచ్చాడు.

“నీ కుర్చీ పని లెటరు టైపయింది,” అన్నాడు వెంకటనారాయణ షాహిస్తా చెవి దగ్గర. “షూటింగు అవగానే సంతకం పెడతా. ఈ కుర్రాడి దేశపు ఆడవాళ్లు ఫోనులో నేర్పారని చెప్పు. రెండు ముక్కలు, అంతే.”

తేజశ్రీ ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టింది. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. ఇమ్మానుయేలు గుడ్డ విప్పి చూశాడు, వెనక్కి తిప్పి చూశాడు. మూడేళ్లుగా ఇక్కడ ఉంటున్నాడు, కూరగాయల బజారులో నేర్చిన తెలుగు అతనిది.

“అక్కా, ఇవి మావి అన్నారు. మా అమ్మమ్మ బట్టలు అద్దుతుంది. ఇవి నేను ఎప్పుడూ చూడలేదు. మీకు ఎవరు చెప్పారు?”

“పాతకాలంవిలే బాబూ. నువ్వు పట్నంలో పుట్టావు, నీకేం తెలుసు,” అన్నాడు వెంకటనారాయణ.

అతను ఆయన వైపు చూడలేదు. ఆమె చెప్పేదాని కోసం నిలబడ్డాడు.

షాహిస్తా అతని చేతిలోని గుడ్డ మీద నిచ్చెన వైపు చూసింది. ఔనంటే చాలు, తలూపినా చాలు. తలూపితే అతను ఇంటికి ఫోను చేసి వాళ్లమ్మమ్మను అడుగుతాడు. ఆవిడ తనకు తెలీదంటుంది, తన తెలివి మీద తనే అనుమానపడుతుంది.

“మీవి కాదు తమ్ముడూ,” అంది. “కొమ్ములది అలీ సాహెబ్ ముఠా మార్కా. నిచ్చెన మా నాయనది. మిరపకాయల మూటల మీద వేసేవాళ్లు.”

బల్లల దగ్గర అచ్చుల చప్పుడు ఆగింది. ఇమ్మానుయేలు గుడ్డ మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. “అయిదొందలు వద్దు సార్,” అని బయటికి నడిచాడు.

“మతి పోయిందా నీకు?” అన్నాడు వెంకటనారాయణ.

తేజశ్రీ మాత్రం విసుక్కోలేదు. “పర్లేదండి, ఆ ముక్క కట్ చేస్తాం,” అంది. “కార్డులు మూడువేలు ప్రింటయిపోయాయి. ఇప్పుడు మార్చలేం. ఆవిడ ఏం మాట్లాడక్కర్లేదు. గుడ్డ పట్టుకుని నవ్వితే చాలు, వెనక వాయిస్ మేం పెట్టుకుంటాం.”

ఈ అమ్మాయి తెలియక అడుగుతోందనుకుంది షాహిస్తా ఇంతసేపూ. తెలిసీ అదే అడుగుతోంది.

వెంకటనారాయణ గుడ్డ తెచ్చి షాహిస్తా చేతుల్లో పెట్టాడు. నిచ్చెన పైకి కనబడేలా సర్దాడు. గొంతు తగ్గించాడు. “లెటరు నా జేబులోనే ఉంది. నవ్వు.”

ఎర్రదీపం వెలిగింది. షాహిస్తా కెమెరాలోకి సూటిగా చూసింది. పెదవి కదపలేదు.

“నవ్వమ్మా.”

“నవ్వను సార్.”

తేజశ్రీ కెమెరా ఆపలేదు. తల తిప్పి బల్లల వైపు చూసింది. “వేరే ఎవరైనా ఉన్నారా?”

వెంకటనారాయణ “మెహర్, నువ్వు రా,” అని పిలిచాడు.

మెహర్ చేతిలో తడి అచ్చుంది. దాన్ని గుడ్డ మీద పెట్టలేదు, పక్కనా పెట్టలేదు. దాని కొసల్నుంచి రంగు కారి ఆమె కాళ్ల దగ్గర నేల మీద పడుతోంది.