మారప్ప ఆవు నెమరు

కుప్పంలో కంటి ఆపరేషన్‌కు మూడు రోజులు పోవలసి వచ్చింది. ఇంట్లో నేనూ నా ఆవూ తప్ప ఇంకెవరూ లేరు. పక్కింటి మారప్పకు అప్పజెప్పి పోయాను. మేపినన్ని రోజులూ పాలు మేపినవాళ్ళవే, అది మా పల్లె పద్ధతి. ముప్పై ఏండ్లుగా వాడి ఆవును నేను, నా ఆవును వాడు అట్లాగే చూసుకున్నాం.

తిరిగి వచ్చేసరికి ఆవు తల వాల్చి నిలబడి ఉంది. నెమరు వేయడం లేదు. ఎడమ డొక్కకు పిడికిలి ఆనించాను. బాగున్న ఆవైతే లోపలి పొట్ట నిమిషానికి ఒకసారైనా చేతిని తోస్తుంది. ఎంతసేపు పెట్టినా కదలలేదు.

ఏం మేపావని మారప్పను అడిగాను.

“ఎండుగడ్డేనన్నా. ఇంకేమి పెడతా?” అన్నాడు.

పుంగనూరు నుంచి పశువుల డాక్టరమ్మ యమున వచ్చింది. నీళ్ళలాంటి పేడను పుల్లతో కదిపింది. పుల్లటి వాసన. అందులో మొక్కజొన్న గింజలు, నలిగినవీ నలగనివీ. నేను మొక్కజొన్న వేయను. మారప్ప ఇంట్లో బస్తాలున్నాయి.

“పాలు ఎక్కువొస్తాయని ఎవరో గింజలు బాగా కుమ్మినారప్పా. పొట్ట పులిసిపోయుండాది. గడ్డిని అరిగించే సన్న పురుగులన్నీ సచ్చిపోయినాయి,” అంది.

సూది వేసి, సోడా నీళ్ళు తాపింది. బాగున్న ఆవు నోటి నుంచి నెమరు ముద్ద తెచ్చి తాపితే ఆ పురుగులు మళ్ళీ పెరుగుతాయని చెప్పింది. రేపటికి నెమరు వేయకపోతే ఆశ వదులుకోమంది.

మా వీధిలో ఉన్న ఇంకో ఆవు మారప్పదే. పోయాను. అది పడుకొని నిదానంగా నెమరు వేస్తోంది. కట్టు లేని కంటితో వంగి దాని పేడ చూశాను. గట్టిగా ఉంది. ఒక్క గింజ లేదు.

“నీ ఆవుకు గింజలు యాల పెట్టలేదు మారప్పా?”

“అది మాది గదన్నా,” అన్నాడు. అన్నాక తల దించుకున్నాడు.

నెమరు ముద్ద కావాలన్నాను. వాడే ఆవు మూతి పట్టుకున్నాడు. ముద్ద పైకి వచ్చినప్పుడల్లా చెయ్యి పెట్టి తీసుకున్నాను. నాలుగు ముద్దలు. గోరువెచ్చని నీళ్ళలో పిసికి నా ఆవుకు తాపాను.

మరుసటి రోజు మధ్యాహ్నం దాని దవడ కదిలింది. డొక్క మీద పిడికిలి పెట్టాను. తోసింది. ఎట్లుండాదన్నా అని గోడ అవతల నుంచి మారప్ప అడిగాడు. లేచి లోపలికి పోయాను.

పోయిన నెల కుప్పం నుంచి ఫోన్ చేశారు, రెండో కంటికి రమ్మని. ఆవును చూసుకునేవాళ్ళు లేరని చెప్పాను.