లోపలి లెక్క

"ఓ శ్యామలా! నీ ఫంక్షన్ ఖరాబైంది, జర వచ్చి చూడు!"

ముందు గదిలోంచి సుధాకర్ కేక వేసేసరికి శ్యామల వంటింట్లో చింతపండు పిసుకుతోంది. చెయ్యి ఆపలేదు. నడిచినన్నాళ్లు అది 'నా సాఫ్ట్‌వేర్'. ఆగిపోయిన క్షణం నుంచి 'నీ ఫంక్షన్'. సిద్ధు విషయంలోనూ అంతే. మార్కులొస్తే నా కొడుకు, ముక్కు కారితే నీ కొడుకు.

కరీంనగర్ గ్రానైట్ వ్యాపారులకు రాతి దిమ్మెల కొలతలు కట్టే సాఫ్ట్‌వేర్ అమ్ముతాడు సుధాకర్. పొడవు, వెడల్పు, ఎత్తు ఇస్తే, అంచుల వంకరలకు తరుగు తీసేసి మిగిలిన రాయి ఎన్ని క్యూబిక్ మీటర్లో చెప్పాలి. ఆ లెక్క శ్యామలది. ఎంసీఏ చదువుకున్న పిల్ల, సిద్ధు కడుపులో ఉండగా, వాంతికీ వాంతికీ మధ్య సి భాషలో రాసి, కంపైల్ చేసి, ఒక లైబ్రరీ ఫైలుగా మొగుడి చేతిలో పెట్టింది. కంపైల్ అయ్యాక అది యంత్రానికే తప్ప మనిషికి అర్థం కాదు. సుధాకర్ దాని మీద పైథాన్ అనే ఇంకో భాషలో నాలుగు రంగుల తెర కట్టాడు. మీట నొక్కితే పైథాన్ లోపలి లెక్కను పేరు పెట్టి పిలుస్తుంది, కొలతలు అందిస్తుంది, జవాబు తెచ్చి తెర మీద పెడుతుంది. ఎవరో వండిన కూర గిన్నె అందుకుని వచ్చి, తనే వండినట్టు వడ్డించే మనిషిలాగ.

"లోపల ఏమున్నదో నాకెందుకు? పిలిస్తె పలుకుతది, గంతే కావాలె," అనేవాడు సోపతిగాళ్లతో. అది లైబ్రరీ గురించో పెళ్లాం గురించో విడదీసి చెప్పిన పాపాన పోలేదు.

అత్త కమలవ్వది ఇంకో ధోరణి. "పొద్దంత గా డబ్బా ముంగట కూసుండి ఏం జూస్తవే? పిలగాడు కష్టపడి కోడు రాస్తుండు, జర ఛాయన్న పెట్టిస్తవా?" ఈ ఇంట్లో శ్యామల పేరు తెల్లారిన దగ్గర్నుంచి గోడలకు తగులుతూనే ఉంటుంది. ఆమె మాత్రం మొగుణ్ని 'సిద్ధు బాపూ' అనే పిలవాలి. పెళ్లైన కొత్తలో, సిద్ధు ఇంకా పుట్టకముందు, నోరు జారి 'సుధాకర్' అంటే కమలవ్వ గుండెలు బాదుకుంది. "మొగని పేరు దీస్తవా! ఆయుష్షు తగ్గదానే పిలగానికి?" ఒక్క పిలుపుకే తరిగిపోయే ఆయుష్షును ఇన్నాళ్లు ఏ డబ్బాలో దాచి పెంచారో అడుగుదామనుకుంది శ్యామల. కొత్త కోడలు కదా, అడగలేదు.

చేతులు కడుక్కుని ముందు గదిలోకి వెళ్లింది. రాళ్ల యార్డు సేటు ఓంప్రకాశ్ సోఫాలో ఉన్నాడు. ఏ దిమ్మె కొలతలిచ్చినా తెర మీద కోట్లలో సంఖ్య వస్తోంది.

"గింత పెద్ద రాయి నా తాన లేదు సుధాకర్ భాయ్," అన్నాడు ఓంప్రకాశ్ నవ్వుతూ. "గుట్టకు గుట్టే లారీకి ఎక్కియ్యాలె."

"మా మేడం కాలేజీల నేర్చుకున్న పాత సి ముచ్చట సేట్. గదే సతాయిస్తున్నది."

"అయితే గది తీసెయ్యరాదు?"

"తీసేస్తె నడువది," అన్నాడు సుధాకర్. అన్నాక దగ్గాడు.

శ్యామల ఒకసారి చూసింది. నిన్న సుధాకర్ తన పైథాన్ ఫైలును శుభ్రం చేస్తున్నానంటూ ఒక వాక్యాన్ని ఉత్తదని కొట్టేశాడు. లోపలి నుంచి వచ్చే జవాబుకు దశాంశాలుంటాయని ముందే చెప్పే వాక్యం అది. చెప్పకపోతే పైథాన్ పూర్ణసంఖ్యే వస్తుందనుకుంటుంది. అసలు జవాబును పక్కనే వదిలేసి, తాననుకున్న చోట ఏ చెత్త చేతికందితే అది తెచ్చి చూపిస్తుంది. లోపల లెక్క ఎప్పట్లాగే సరిగ్గా జరిగింది. తీసుకునేవాడికే తెలియదు తనకేం వస్తోందో. ఈ గుణంతో ఆమె చాలా ఏళ్లుగా కాపురం చేస్తోంది.

నిలబడే ఆ వాక్యాన్ని మళ్లీ టైపు చేసింది. గుట్ట కాస్తా మళ్లీ రాయి అయింది.

"చూసిర్రా సేట్? సర్వర్ జర గరమైంది, గంతే," అన్నాడు సుధాకర్. ఆ ఇంట్లో సర్వరే లేదు. "శ్యామలా, ఛాయ్ తే."

ఛాయ్ తాగుతూ ఓంప్రకాశ్ అసలు పని చెప్పాడు. కొనేవాళ్లు తరుగు పద్ధతి మార్చారు, లోపల లెక్క మార్చాలి. "మాకు చిటికెల పని సేట్," అని మాటిచ్చి పంపించాడు సుధాకర్. గేటు మూసి నేరుగా వంటింటి గడప దగ్గరకొచ్చాడు. గొంతులో బెల్లం.

"శ్యామలా, నువ్వు రాసిన గా అసలు కోడ్ పెన్‌డ్రైవ్‌ల ఎయ్యి. కొత్తగ పెట్టుకున్న ప్రోగ్రామర్ మల్లేష్ ఉన్నడు గద, ఆయన మారుస్తడు. ఇగ నీకు తిప్పలుండయి."

ఆ కోడ్ ఆమె పాత ల్యాప్‌టాప్‌లో, బీరువాలో, చీరల కింద ఉంది. అది మల్లేష్ చేతికి పోతే ఇంక 'నీ ఫంక్షన్' అని తిట్టించుకునే భాగ్యం కూడా మిగలదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో శ్యామల అనే మనిషి ఉందని చెప్పే ఆనవాలు అదొక్కటే.

"తయారైన ఫైలు నీ తాన్నే ఉన్నది గద," అంది.

"గది తెరిస్తె ఏం సమజ్ గాదు. అన్ని పిచ్చి గీతలు."

"పిలిస్తె పలుకుతది గద."

"పరాచికాలా? లోపల మార్చాలె! లోపల ఏమున్నదో తెల్వకుంటె ఎట్ల?"

పీట మీద వెల్లుల్లి ఒలుస్తున్న కమలవ్వ అందుకుంది. "ఇయ్యరాదే, పిలగాడు పరేషాన్ అయితుండు."

చారు మరిగేలోపు మార్చేయగల లెక్క అది. మారుస్తుంది కూడా. యార్డుకు తనే వెళ్లి, ఇది నేను రాసిందని చెప్పి, తన చేత్తో పెట్టి వస్తుంది. అది మనసులో తేలిపోయాక శ్యామలకు కోపం కూడా రాలేదు. చారు కింద మంట తగ్గించింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"లోపల ఏమున్నదో నీకెందుకు, సుధాకర్?"

కమలవ్వ చేతిలో వెల్లుల్లి రెబ్బ జారిపడింది. కొడుకు ఇంకా బతికే ఉన్నాడా అని తలెత్తి చూసింది.