పదకొండు గొంతుల ఉత్తరం

ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేస్తానేమో. పిల్లలు గుంపులుగా కెనడా వచ్చిపడుతున్న ఏళ్ళలోనే జరిగిందిది.

అక్కడి ఎటోబికో ఊళ్ళో మా మరదలు రూపవతి ఇంట్లో శనివారం మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, ఆపైన ప్రార్థన. కాలేజీ పిల్లలు అప్లికేషన్లు తెచ్చి బల్ల మీద పెడితే వాటి మీద చెయ్యి ఉంచి ప్రార్థించేది. ఆ ఇంట్లో ఏది పైకి చదివినా, అదే మాట అంతకుముందు రాసినవాళ్ళ గొంతు, అన్నవాళ్ళ గొంతు ఆ చదువు కింద సన్నగా వినిపించేది. బైబిల్లో మరియ పాట చదివితే, ఎన్నో తరాల ముందు అలాంటి పాటే పాడిన హన్నా లోపల్నుంచి అందుకునేది. తినేవాళ్ళు తింటూనే ఉండేవారు.

"ఎంత గొప్ప రాతో చూడండర్రా," అని రూపవతి మురిసిపోయేది. "చెరలో ఉన్నవాళ్ళ కోసం ప్రవక్త, మోషే దాటిన సముద్రాన్నే తలచుకుని ఎడారిలో కొత్త దారి వేశాడు. సువార్త రాసిన లూకా కూడా అంతే. బిడ్డ కోసం ఏడ్చిన హన్నా పాటని మరియ నోట పెట్టాడు. ఆకలిగొన్నవాళ్ళ మాట అలాగే ఉంచాడు. విరిగిన విల్లుల చోట కూలిన సింహాసనాలు పెట్టాడు. గొడ్రాలికి ఏడుగురు పిల్లలన్న మాట వదిలేశాడు. మరియ కథ అది కాదుగా!"

ఒక శనివారం కాకినాడ పిల్ల ఏనీ వచ్చింది. తన చదువు ఒక సెమిస్టర్ ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నమ్మేలా ఉత్తరం రాస్తేనే స్టడీ పర్మిట్ పొడిగిస్తారు, లేకపోతే ఇంటికే.

"చదువమ్మాయ్," అంది రూపవతి.

ఏనీ మొదలుపెట్టగానే కింద పదకొండు గొంతులు లేచాయి. ఒకటి నెల్లూరు యాస, ఇంకొకటి పంజాబీ అబ్బాయిది. చనిపోయిన నాయనమ్మ గురించి అంతా కలిసి చెప్పారు.

"వాట్సాప్ గ్రూపులో దొరికిందా?"

"అవునాంటీ. అందరికీ అప్రూవ్ అయిందంట."

"అందరికీ ఒకటే నాయనమ్మా?"

ఏనీ నవ్వబోయి ఏడ్చేసింది. "మా నాయనమ్మ బానే ఉందాంటీ. నేనే మంచులో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నా. అమ్మకి చెప్పలేదు. చెప్తే వచ్చెయ్యమంటది."

"నీకు జరగనిది తీసెయ్. జరిగింది పెట్టు."

ఏనీ అక్కడే కూర్చుని మళ్ళీ రాసింది. ఈసారి చదివితే తన గొంతే గట్టిగా వినిపించింది. 'పడ్డాను, లేచాను, మళ్ళీ క్లాసుకి వెళ్ళాను' అన్నచోట మాత్రం కింద ఇంకో గొంతు కలిసింది. ఏనీ కాగితం దించింది.

"అమ్మ! నర్సు ట్రైనింగులో సైకిల్ మీంచి పడిన సంగతి ఇలాగే చెప్పేది."

ఆ సాయంత్రమే వాళ్ళమ్మ సరోజకి ఫోన్ చేసి అంతా చెప్పేసింది. తర్వాత తెలిసింది, ఆ నాయనమ్మ ఉత్తరమే పంపిన ముగ్గురికి రిజెక్ట్ అయింది. ఏనీకి పర్మిట్ వచ్చింది.

తమ్ముడూ జ్ఞానశేఖర్, ఇది అచ్చుకి పంపేముందు పేర్లు ఒకసారి సరిచూడు. ఏనీ పేరు తప్పు రాసినా ఆ పిల్ల నవ్వి ఊరుకుంటుంది. వాళ్ళమ్మ పేరు సరోజేనా? ముందుగా ఆ 'పడ్డాను, లేచాను' మాట అన్న మనిషి కదా, ఆవిడ పేరు తప్పు పోకూడదు.